కొత్తగూడ స్పోర్ట్స్ కెఫేలో ఆదివారం ఐస్ హాకీ: ఆట బాగుంది, టిఫిన్ బాగుంది, కొట్లాటల రీళ్లు మాత్రం తీసేయాలి

ముందే చెప్పేస్తున్నా, నా రేటింగ్ నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికే ఈ రివ్యూ ఇంత పొడుగైంది. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి, ముఖ్యంగా పిల్లల్ని తీసుకెళ్దాం అనుకుంటున్నవాళ్లు.

కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దాటి కొత్తగూడ జంక్షన్ వైపు వెళ్తుంటే ఒక పక్క సందులో, మొదటి అంతస్తులో ఉంది ఈ కెఫే. మామూలు రోజుల్లో పదకొండింటికి తెరుస్తారు. క్రికెట్, ఫుట్‌బాల్, కబడ్డీ వేస్తారు, అలాంటి చోట్లు గచ్చిబౌలి చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. దీని ప్రత్యేకత అంతా ఆదివారం తెల్లవారుజామునే. కెనడాలో శనివారం రాత్రి ఏడింటికి టొరంటో వైపు మొదలయ్యే ఎన్‌హెచ్‌ఎల్ (కెనడా, అమెరికా టీములు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్) మ్యాచ్ చలికాలంలో మనకి ఆదివారం పొద్దున్న ఐదున్నరకి పడుతుంది, ఆ తర్వాత వాంకూవర్, కాల్గరీ వైపు మ్యాచ్ ఎనిమిదిన్నరకి. రెండూ పెద్ద తెర మీద వేస్తారు. అక్టోబరులోనూ, ఏప్రిల్ నుంచి జరిగే ప్లేఆఫ్స్‌లోనూ అక్కడి గడియారం ఒక గంట జరుగుతుంది కాబట్టి మనకి నాలుగున్నరకే మొదలు, అప్పుడు లేచి వెళ్లడం నిజంగా కష్టమే, అయినా హాలు సగానికి పైగా నిండుతుంది.

ఎవరొస్తారు ఆ టైంకి అని నన్ను చాలామంది అడిగారు. పిల్లలు బ్రాంప్టన్‌లోనో ఎడ్మంటన్‌లోనో స్థిరపడిన తల్లిదండ్రులు వస్తారు, అక్కడ చదువుకుని తిరిగొచ్చిన కుర్రాళ్లు వస్తారు, నైట్ షిఫ్ట్ అయిపోయి నిద్ర పట్టనివాళ్లు మెడలో ఐడీ కార్డులతోనే వచ్చి కూర్చుంటారు. మా తమ్ముడు కాల్గరీలో ఉంటాడు. మా ఫ్యామిలీ గ్రూపులో సగం మెసేజ్‌లు ఫ్లేమ్స్ టీమ్ గురించే, అలా ఏడో తరగతి చదివే మా అబ్బాయికి ఈ పిచ్చి పట్టుకుంది, వాడి వల్ల నాకూ. ఇప్పుడు వాడు రాకపోయినా నేను వెళ్తాను.

టిఫిన్ సంగతి. మనిషికి మూడొందలు కడితే సీటు, అందులో రెండొందలకి ఏదైనా తినొచ్చు. తెల్లవారుజామున కిచెన్‌లో అన్నీ ఉండవు కానీ ఉన్నవి వేడివేడిగా ఉంటాయి. పెసరట్టు ఉప్మా అద్భుతం, అల్లం పచ్చడి ఇంట్లో చేసినట్టే ఘాటుగా ఉంటుంది. ఇడ్లీలోకి కారప్పొడి, నెయ్యి అడగకుండానే పెడతారు. ఆట మూడు భాగాలుగా సాగుతుంది, ఒక్కోదాన్ని పీరియడ్ అంటారు; ఇరానీ చాయ్ మాత్రం మొదటి పీరియడ్‌లోనే తాగేయండి, మూడో పీరియడ్‌కి వచ్చేసరికి మళ్లీ మళ్లీ మరిగి చేదెక్కుతుంది. ఉస్మానియా బిస్కెట్లు బయటి నుంచి తెస్తారు, తాజాగానే ఉంటాయి. ఫ్రెంచ్ ఫ్రైస్ మీద గ్రేవీ, చీజ్ పోసి పూటీన్ అని ఒకటి ఇస్తారు, కెనడా వాళ్ల వంటకం, పిల్లలకి నచ్చుతుంది, నాకు నచ్చలేదు.

తెర పెద్దది, స్పష్టంగా ఉంటుంది. ఐస్ హాకీకి అది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ పక్ నల్లటి రబ్బరు బిళ్ల, నూట డెబ్భై గ్రాముల లోపే, గట్టిగా కొడితే గంటకి నూట అరవై కిలోమీటర్ల వేగం కూడా దాటుతుంది, చిన్న టీవీలో అయితే కంటికి ఆనదు. సౌండ్ కూడా సరిపడా పెడతారు. కామెంటరీ ఇంగ్లిష్‌లోనే, కానీ కెఫే నడిపే అన్న చాలా ఏళ్లు ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేసి వచ్చాడట, పీరియడ్ల మధ్య మైకు పట్టుకుని తెలుగులో వివరిస్తాడు. ఐసింగ్ అంటే ఏంటి, ఆఫ్‌సైడ్ ఎందుకిచ్చారు, గోల్‌కీపర్‌ని తీసేసి ఆరో ఆటగాణ్ణి ఎందుకు దింపారు, ఇవన్నీ తెల్ల బోర్డు మీద గీసి మరీ చెప్తాడు. నాలుగు స్టార్లలో రెండు ఆయనకే. ఆట తెలియని మనిషి ఒక్క ఉదయం కూర్చుంటే చాలు, తర్వాతి వారం తనంతట తానే ఫాలో అవుతాడు.

ఇక అసలు విషయం. ఈ ఆట చూసే మనవాళ్లు ఎవరైనా మొదట అడిగేది ఒకటే. మా వాడూ అదే అడిగాడు. ఇద్దరు ఆటగాళ్లు స్టిక్కులు, గ్లవ్స్ కింద పడేసి, ఒకడి జెర్సీ ఇంకొకడు పట్టుకుని మొహం మీద గుద్దుకుంటుంటే, పక్కనే చారల చొక్కాలు వేసుకున్న నలుగురు అంపైర్ల లాంటివాళ్లు నిలబడి చూస్తున్నారు. "అమ్మా, వాళ్లెందుకు ఆపట్లేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, అన్నని అడిగాం, ఆయన మైకు పక్కన పెట్టి మా టేబుల్ దగ్గరికొచ్చి కూర్చుని చెప్పాడు. ఈ కెఫేలో నాకు బాగా నచ్చింది ఇదే, పిల్లాడు అడిగాడు కదా అని తేలిగ్గా తీసుకోలేదు.

ఆయన చెప్పింది ఇది. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాట నిషేధమే, రూల్ పుస్తకంలో 46వ నిబంధన అది. కానీ శిక్ష ఏంటి? ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి, అంతే. 1922లోనే లీగ్ ఇలా ఐదు నిమిషాల శిక్షతో సరిపెట్టే పద్ధతి తెచ్చింది, ఇప్పటికీ దాదాపు అదే నడుస్తోంది. పైగా కొట్టుకున్న ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు పడితే రెండూ చెల్లుకు చెల్లు, మంచు మీద రెండు టీములూ ఐదుగురితోనే ఆడతాయి, ఎవరికీ పవర్ ప్లే, అంటే ఎదుటివాళ్లకన్నా ఒక మనిషి ఎక్కువతో ఆడే అవకాశం, రాదు. అంటే టీముకి జరిగే నష్టం ఒక ఆటగాడు కాసేపు లేకపోవడం. స్టిక్కుతో కాలికి అడ్డం పెట్టి పడేస్తే రెండు నిమిషాలు నలుగురితో ఆడాలి, గోల్ పడే ప్రమాదం ఉంటుంది. పిడిగుద్దులకి ఆ ప్రమాదం లేదు. ఈ లెక్క అర్థమయ్యాక నాకు మిగతాదంతా అర్థమైంది.

మన మైదానం హాకీతో పోల్చి చూడండి. అక్కడ గ్రీన్ కార్డుకి రెండు నిమిషాలు బయట, ఎల్లో కార్డుకి కనీసం ఐదు నిమిషాలు, మీ టీము ఆ టైమంతా ఒక మనిషి తక్కువతోనే ఆడాలి. పిడికిలి ఎత్తి కొడితే రెడ్ కార్డు, ఆ మ్యాచ్ అక్కడితో సరి. హైదరాబాద్ తూఫాన్స్ ఆటగాడెవరైనా హాకీ ఇండియా లీగ్‌లో గ్లవ్ తీసి ఎదుటివాడి మొహం పగలగొట్టి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి ఆడతాడని ఊహించగలమా?

ఆ చారల చొక్కాలవాళ్లలో కొట్లాట విడదీసే లైన్స్‌మెన్ వెంటనే ఆపకపోవడానికి ఇంకో కారణం కూడా అన్న చెప్పాడు, అది మాత్రం న్యాయంగానే అనిపించింది. కొట్టుకునే ఆ ఇద్దరూ ఒక్కొక్కరు తొంభై, వంద కిలోలుంటారు, కాళ్లకి పదునైన బ్లేడ్లు, మధ్యలో దూరి చేతులు పట్టుకోబోయినవాడే దెబ్బ తినేస్తాడు, అందుకని ఎవరో ఒకరు కింద పడేదాకానో అలిసిపోయేదాకానో ఆగి అప్పుడు విడదీస్తారు. మూడో మనిషి దూరకుండా మాత్రం గట్టిగా చూసుకుంటారు. ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు దిగితే వాణ్ణి మ్యాచ్ నుంచి పంపించేసే రూలు 1970ల మొదట్లో వచ్చింది. 1987 ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా, మాంట్రియల్ టీములు మ్యాచ్ మొదలవకముందే, వార్మప్‌లో, మొత్తం టీములకి టీములు కొట్టుకున్నాయి. ఆ తర్వాత బెంచి దిగి కొట్లాటలో చేరిన మొదటి ఆటగాడికి పది మ్యాచ్‌ల నిషేధం పెట్టారు. అంతే, బెంచీలు ఖాళీ అయ్యే గొడవలు ఆగిపోయాయి. ఈ ముక్క దగ్గరే నేను ఆయన్ని ఆపి అడిగాను, శిక్ష గట్టిగా పెడితే ఆగిపోయింది కదా అన్నా, మరి మిగతాదానికి ఎందుకు పెట్టరు?

దానికి ఆయన చెప్పిన జవాబు కెనడాలో ఎవరిని అడిగినా చెప్పేదే. ఆటలో ఒత్తిడి ఎక్కువ, చుట్టూ గట్టి గోడలు, గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంటారు, చేతిలో స్టిక్కు ఉంటుంది. కోపం పిడికిళ్లలోంచి పోకపోతే స్టిక్కులోంచి పోతుంది, అది ఇంకా ప్రమాదం. 1993 నుంచి లీగ్ కమిషనర్‌గా ఉన్న గ్యారీ బెట్‌మన్ కూడా కొట్లాటని ఆటకి థర్మోస్టాట్ లాంటిదన్నాడు. రెండోది, స్టార్ ఆటగాళ్లకి రక్షణ. వేన్ గ్రెట్‌స్కీ 894 గోల్స్ కొట్టినవాడు, సన్నగా ఉండేవాడు, ఎడ్మంటన్‌లో ఆయన పక్కన డేవ్ సెమెంకో, తర్వాత మార్టీ మెక్‌సోర్లీ ఉండేవాళ్లు. గ్రెట్‌స్కీ మీద చెయ్యి వేస్తే వాళ్లతో తేల్చుకోవాలి. 1988లో గ్రెట్‌స్కీని లాస్ ఏంజిలిస్‌కి అమ్మినప్పుడు ఆ ట్రేడ్‌లో మెక్‌సోర్లీని కూడా పంపారంటే అది ఎంత ముఖ్యమో చూడండి అన్నాడు అన్న. వీళ్లని ఎన్‌ఫోర్సర్లు అంటారు. వాళ్లలో వాళ్లకి కట్టుబాట్లు కూడా ఉన్నాయి: ఇష్టం లేనివాడితో కొట్లాడకూడదు, పడిపోయినవాణ్ణి కొట్టకూడదు, వెనక నుంచి కొట్టకూడదు.

ఇదంతా ఆయన మనస్ఫూర్తిగా నమ్మి చెప్పాడు, అక్కడ అన్నేళ్లు బతికిన మనిషి, ఆ గౌరవం నాకుంది. కానీ నేను నమ్మలేదు, తర్వాత కూడా ఆయనతో చాలాసార్లు వాదించాను, మూడో పీరియడ్ అయిపోయినా చాయ్ మీద వాదిస్తూనే ఉన్నాం, పక్క టేబుళ్ల వాళ్లు కూడా చేరారు.

నా అభ్యంతరం ఇది. కోపం చల్లారడానికే కొట్లాట అయితే, కొట్లాట జరిగాక కోపం చల్లారాలి కదా? 2004 మార్చిలో వాంకూవర్‌లో ఏం జరిగింది? అంతకుముందు నెల కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్లండ్‌ని గట్టిగా గుద్ది తలకి దెబ్బ తగిలేలా చేశాడు. మార్చి 8 మ్యాచ్‌లో మొదటి పీరియడ్‌లోనే మూర్ గ్లవ్స్ తీసి మ్యాట్ కుక్‌తో కొట్లాడాడు, కట్టుబాటు ప్రకారం బాకీ తీరిపోవాలి. తీరలేదు. మూడో పీరియడ్‌లో టాడ్ బెర్టుజ్జీ వెంటపడి వెనక నుంచి తల మీద గుద్ది మంచు మీదకి పడేశాడు, మూర్ మెడ ఎముకలు విరిగాయి, మళ్లీ జీవితంలో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. బెర్టుజ్జీ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఇంకోటి, గ్రెట్‌స్కీకి కాపలా అన్న ఆ మెక్‌సోర్లీయే 2000 ఫిబ్రవరిలో, అదీ వాంకూవర్‌లోనే, డొనాల్డ్ బ్రషేర్ తల మీద స్టిక్కుతో కొట్టాడు, కోర్టు దోషి అంది, ఆయన ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్ అక్కడే ముగిసింది. ఆ మ్యాచ్‌లో కూడా వాళ్లిద్దరూ ముందే పిడికిళ్లతో కొట్లాడుకున్నారు. రెండు చోట్లా పిడికిళ్లు ముందొచ్చాయి, ఘోరం తర్వాత జరిగింది.

ఇంకా పెద్ద రుజువు ఒలింపిక్స్. అక్కడ అంతర్జాతీయ రూల్స్, కొట్లాటకి దిగితే మ్యాచ్ నుంచే బయటికి. ఆడేది మళ్లీ ఈ మనుషులే. ఒక ఎండాకాలం, సీజన్ లేని రోజుల్లో, ఈ కెఫేలో 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్ రికార్డింగ్ వేశారు. కెనడా 2-1 ఆధిక్యంలో ఉంది, అర నిమిషం కూడా లేదు, అమెరికా సమం చేసింది, ఓవర్‌టైమ్‌లో సిడ్నీ క్రాస్బీ గోల్ కొట్టాడు. ఫలితం తెలిసి కూడా హాలంతా లేచి నిలబడ్డాం, మా వెనక టేబుల్ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క పిడిగుద్దు లేదు, ఎవరికీ లోటు అనిపించలేదు.

అదే రెండు దేశాలు 2025 ఫిబ్రవరి 15 రాత్రి మాంట్రియల్‌లో ఫోర్ నేషన్స్ టోర్నీలో తలపడ్డాయి, మనకి ఆదివారం పొద్దున్న అయింది, కెఫేలో నిలబడ్డానికి చోటు లేదు, మెట్ల మీద కూడా జనం. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. మ్యాథ్యూ కచుక్, బ్రాండన్ హేగెల్ ముందు, తర్వాత బ్రాడీ కచుక్, శామ్ బెనెట్, ఆ తర్వాత మిల్లర్, పరేకో. ఆ రెండు దేశాల మధ్య అప్పుడున్న రాజకీయ వేడి కూడా కారణమే, ఒప్పుకుంటాను. హాలు హోరెత్తిపోయింది, నేను కూడా లేచి అరిచాను. కానీ తర్వాత ఆలోచిస్తే, ఆ టోర్నీ నడిపింది ఎన్‌హెచ్‌ఎల్, రూల్స్ ఎన్‌హెచ్‌ఎల్‌వి, పిడికిలి ఎత్తితే శిక్ష ఐదు నిమిషాలే. ఆటగాళ్లకి ఎప్పుడు ఆగాలో బాగా తెలుసు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనే చూడండి, ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి, ఒక్కో నిమిషం విలువ పెరిగేసరికి, కొట్లాటలు తగ్గిపోతాయి. నిజంగా ఆపుకోలేని కోపమే అయితే అప్పుడే ఎక్కువ రావాలి కదా?

సహిస్తున్నారంటే అది అవసరం వల్ల కాదు, దాని ఖర్చు లీగ్‌కి, టీములకి పడట్లేదు కాబట్టి. టికెట్లు అమ్ముడవుతాయి, జనం అరుస్తారు, హైలైట్స్ చూస్తారు. ఖర్చంతా ఆ కొట్టుకునే మనిషి తల మీద, అతని ఇంటివాళ్ల మీద పడుతుంది. డెరెక్ బూగార్డ్ అని ఒకాయన, ఆరడుగుల ఏడంగుళాలు, మిన్నెసోటాకి, తర్వాత న్యూయార్క్ రేంజర్స్‌కి ఆడాడు, 277 మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ మూడు. ఆయన్ని తీసుకుంది కొట్లాటకే. 2010 డిసెంబరులో ఒట్టావాలో జరిగిన కొట్లాటలో తలకి దెబ్బ తగిలి మళ్లీ ఆడలేదు. నొప్పి మాత్రలకి అలవాటు పడిపోయిన ఆ మనిషి 2011 మే 13న మద్యం, మాత్రలు కలిసి చనిపోయాడు, వయసు ఇరవై ఎనిమిది. బోస్టన్ యూనివర్సిటీ డాక్టర్లు ఆయన మెదడు పరీక్షిస్తే సీటీఈ ఉందని తేలింది, తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలినవాళ్లకి వచ్చే జబ్బు. అంతకుముందు ఏడాది చనిపోయిన బాబ్ ప్రోబర్ట్ అనే ఇంకో ఎన్‌ఫోర్సర్‌కీ అదే. ఆయన పేరు చెప్తే డెట్రాయిట్‌లో ఇప్పటికీ జనం ఊగిపోతారు, నలభై ఐదేళ్లకే పోయాడు. 2008 డిసెంబరులో ఒంటారియోలో చిన్న లీగ్‌లో ఆడుతున్న డాన్ శాండర్సన్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు కొట్లాటలో హెల్మెట్ ఊడి తల మంచుకి కొట్టుకుని, కోమాలోకి వెళ్లి, కొత్త సంవత్సరం రెండో రోజున చనిపోయాడు. మాజీ ఆటగాళ్లు తలదెబ్బల మీద లీగ్ మీద వేసిన కేసు 2018లో 1.89 కోట్ల డాలర్లకి సర్దుబాటైంది, తప్పు ఒప్పుకోకుండానే. అంత పెద్ద లీగ్‌కి అది చాలా చిన్న మొత్తం.

ఇప్పుడు ఆ ఒక్క స్టార్ సంగతి. పీరియడ్ల మధ్య విరామం పావుగంట పైనే. అన్న ఉన్నప్పుడు బోర్డు దగ్గర వివరిస్తాడు, బాగుంటుంది. ఆయన లేని వారాల్లో, ఒక్కోసారి ఉన్నా కూడా, ఆ విరామంలో కొట్లాటల రీళ్లు వేస్తున్నారు. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, మాస్ సినిమా మ్యూజిక్ పెట్టి, దెబ్బ తగిలినచోట స్లో మోషన్. ముందు వరుసలో పిల్లలు కూర్చుని ఎవడు గెలిచాడని చప్పట్లు కొడుతున్నారు. మ్యాచ్‌లో జరిగే కొట్లాటకి కనీసం ముందూ వెనకా ఉంటుంది, ఎవరు ఎవర్ని గుద్దారు, ఎందుకు తిరగబడ్డారు, స్కోరెంత అన్నది తెలుస్తుంది. కత్తిరించి పెడితే మిగిలేది ఒక మనిషి మొహం పగలడమే. ఒక ఆదివారం ఆ రీలులో బూగార్డ్ వచ్చాడు. 2006లో టాడ్ ఫెడొరుక్ చెంప ఎముక పగలగొట్టిన కొట్లాట. హాలంతా ఈలలు. ఆ ఇద్దరిలో ఒకాయన ఐదేళ్లు తిరక్కుండా చనిపోయాడని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. నాకు తిన్న పెసరట్టు గొంతులోనే ఉండిపోయింది.

కౌంటర్ దగ్గరికెళ్లి మేనేజర్‌కి చెప్పాను. మర్యాదగానే విన్నాడు. "మేడమ్, జనం అడిగేది అదే, అది వేస్తేనే సెకండ్ పీరియడ్‌కి ఆర్డర్లు పెరుగుతాయి" అన్నాడు. చూశారా, లీగ్ వందేళ్లుగా చెప్తున్నదీ ఇదే. జనం అడుగుతున్నారు, అందుకే వేస్తున్నాం. నా పక్కన నిలబడ్డ ఐటీ కుర్రాడు మేనేజర్‌నే సపోర్ట్ చేశాడు, ఎంఎంఏ చూడట్లేదా మేడమ్, బాక్సింగ్ చూడట్లేదా, నిఖత్ జరీన్ గెలిస్తే మనమంతా చప్పట్లు కొట్టలేదా అన్నాడు. మంచి ప్రశ్నే, కానీ బాక్సింగ్‌లో డాక్టర్ రింగ్ పక్కనే ఉంటాడు, చేతికి మెత్తని గ్లవ్స్ ఉంటాయి, బరువుని బట్టి జోడీ కడతారు, కింద గట్టి మంచు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, గుద్దడమే అక్కడ ఆట. హాకీ ఆడటానికొచ్చిన మనిషిని ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే గుద్దులు తినాల్సిందే అనడం వేరు. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు, అయినా చివరిదాకా విన్నాడు.

నేను కోరేది అసాధ్యమేమీ కాదు, ఎందుకంటే ఆట తనంతట తానే అటు వెళ్తోంది. 1980ల్లో సగటున మ్యాచ్‌కి ఒక కొట్లాట దాకా ఉండేది, ఇప్పుడు నాలుగు మ్యాచ్‌లకి ఒకటి, అటూ ఇటూగా. 1992లో కొట్లాట మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష పెట్టారు. 2005లో జీతాలకి పరిమితి వచ్చింది, ఆట వేగం పెరిగింది, గుద్దడం తప్ప ఏమీ రాని మనిషికి జీతం ఇచ్చి బెంచి మీద కూర్చోబెట్టే స్తోమత టీములకి పోయింది. 2013 నుంచి కొట్లాటకి ముందు హెల్మెట్ తీసేస్తే దానికి వేరే శిక్ష. క్యుబెక్ జూనియర్ లీగ్ 2023లో కొట్లాటకి దిగినవాణ్ణి మ్యాచ్ నుంచి పంపేసే రూలు తెచ్చింది. అమెరికా కాలేజీ హాకీలో ఎప్పటి నుంచో అంతే. మిగిలింది ఎన్‌హెచ్‌ఎల్ పెద్దలు ఆ ఐదు నిమిషాల రూలుని మార్చడమే.

కెఫే గోడ మీద ఒక ఫోటో ఉంది, లోపలికి వెళ్లగానే ఎడమ పక్కన. 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కంచు పతకం గెలిచిన మన భారత మహిళల ఐస్ హాకీ జట్టు. ఆ టీములో చాలామంది లడఖ్ అమ్మాయిలు, గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్లు. ఆ ఫోటో పెట్టినందుకు అన్నకి నా దండాలు. విరామంలో వాళ్ల మ్యాచ్ క్లిప్పులు వేయొచ్చు, గోల్‌కీపర్ల సేవ్‌లు వేయొచ్చు, క్రాస్బీ, మెక్‌డేవిడ్ గోల్స్ వేయొచ్చు. మెక్‌డేవిడ్ స్కేటింగ్ ఒక్కటే చాలు, పావుగంట ఎలా గడిచిందో తెలియదు. కొట్లాటల గురించి చెప్పాలంటే అన్నే మైకులో చెప్పాలి, ఆయన నాతో ఒప్పుకోకపోయినా పర్లేదు, ఎందుకు జరుగుతుంది, ఎవరికి ఏమైంది రెండూ చెప్పే నిజాయితీ ఆయనకుంది. ఇదే మాట ఆయన ముఖం మీదే చెప్పాను. ఆలోచిస్తా అక్కా అన్నాడు. నేను ఈ రివ్యూ రాసే నాటికి రీళ్లు ఇంకా వస్తున్నాయి.

మిగతా చిన్న చిన్న విషయాలు. పార్కింగ్ ఆ టైంలో ఇబ్బంది లేదు, సందులోనే పెట్టుకోవచ్చు, కానీ రెండో మ్యాచ్ అయ్యేసరికి కింద షాపులు తెరుస్తారు, వాచ్‌మన్ బండి తీయమంటాడు. మెట్రో మీద ఆధారపడకండి, మొదటి ట్రైన్ వచ్చేసరికి మొదటి మ్యాచ్ సగం అయిపోతుంది, రాయదుర్గం నుంచి మళ్లీ ఆటో కూడా కావాలి. లిఫ్ట్ లేదు, మెట్లు కాస్త నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లని తీసుకొస్తే చూసుకోండి. వాష్‌రూమ్ శుభ్రంగా ఉంది. ఏసీ చాలా చల్లగా పెడతారు, శాలువా తెచ్చుకోండి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తారు, వద్దంటే మారుమాట లేకుండా తీసేస్తారు. వెయిటర్లు కుర్రాళ్లు, ఒరిస్సా నుంచి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు, ఇప్పుడు ఆఫ్‌సైడ్ నాకన్నా బాగా చెప్తారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి అంత ఓపికగా చేస్తున్నారు, టిప్పు వాళ్ల చేతికే ఇవ్వండి.

పిల్లలతో వెళ్తే తెరకి కుడి వైపు, కిటికీ పక్క టేబుళ్లు అడగండి. విరామంలో అక్కడి నుంచి బాల్కనీలోకి వెళ్లిపోవచ్చు. సీట్లు శుక్రవారం సాయంత్రంలోపు ఫోన్ చేసి చెప్పుకోవాలి, టొరంటో, మాంట్రియల్ మ్యాచ్ ఉన్న వారం అయితే ఇంకా ముందే. ఆ రీళ్లు ఆపేశారని తెలిసిన రోజు ఇదే రివ్యూలో రేటింగ్ ఐదుకి మారుస్తాను.